వంద బిళ్ళల పాకెట్‌లో ఏముంటుంది: నల్లగొండ, పాలమూరు బ్యాంకు చిల్లరపై సమీక్ష

బ్యాంకు కౌంటర్‌లో వంద రూపాయలు కడితే వంద రూపాయి బిళ్ళల ప్లాస్టిక్ పాకెట్ చేతికొస్తుంది. కావలసినవి ఏరుకొని మిగతావి మళ్ళీ చలామణిలోకి వదిలేస్తే, ఏరుకున్న బిళ్ళల ముఖవిలువ తప్ప పైసా ఖర్చుండదు. నాణేల సేకరణ మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా చవకైన దారి లేదు. అమెరికాలో ఈ పనికి కాగితపు చుట్టలుంటాయి. మన దగ్గర ఉన్నది పాకెట్. రూపాయి, రెండు రూపాయల బిళ్ళలను వందేసి చొప్పున పాలిథిన్ పాకెట్లలో తీసుకుంటే వీలుగా ఉంటుందని రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. అందుకే జమ చేసేవాళ్లదీ వంద లెక్కే, ఇచ్చేవాళ్లదీ వంద లెక్కే.

నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు శాఖల్లో దొరికే చిల్లరను మూడు రకాలుగా చూడాలి. ఒకటి, టంకశాల నుంచి వచ్చిన సంచి విప్పి ఇచ్చే కొత్త బిళ్ళలు. రెండోది, కిరాణా కొట్లు, పెట్రోలు బంకులు, పాల బూత్‌లు జమ చేసిన తిరుగుడు చిల్లర. మూడోది హుండీ చిల్లర. ఏరేవాళ్లకు రెండోది మంచిది, మూడోది ఇంకా మంచిది. కొత్త సంచిలో నూరు బిళ్ళలూ ఒకే ఏడాదివి, ఒకే టంకశాలవి, ఒకే అచ్చువి ఉంటాయి. అందులోంచి మెరుపు చెడని నాలుగు బిళ్ళలు తీసి పెట్టుకుంటే పని అయిపోయినట్టే. చర్లపల్లి టంకశాల మనకు పక్కనే కాబట్టి వాటి మీద ఎక్కువగా కనిపించేది హైదరాబాద్ టంకశాల గుర్తైన నక్షత్రమే.

తిరుగుడు చిల్లరలో అసలు విషయం కొలతల్లో ఉంది. మన టంకశాలలు ఏళ్లు గడిచేకొద్దీ బిళ్ళల సైజు తగ్గించుకుంటూ వచ్చాయి. ఒక విలువ బిళ్ళ వదిలేసిన సైజులోకి ఇంకో విలువ బిళ్ళ వచ్చి కూర్చుంది. 1992 నుంచి 2010 దాకా వచ్చిన స్టీలు రూపాయి బిళ్ళ 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2011లో వచ్చిన రెండు రూపాయల బిళ్ళది కూడా అదే 25 మిల్లీమీటర్లు, అదే 4.85 గ్రాములు. 2011 రూపాయి బిళ్ళ 22 మిల్లీమీటర్లకు, 3.79 గ్రాములకు దిగింది. పాత స్టీలు ఆఠాణా సరిగ్గా ఆ కొలతదే. 2019లో రూపాయి ఇంకా చిన్నదై 20 మిల్లీమీటర్లు, 3.09 గ్రాములు అయింది. స్టీలు చారాణా 19 మిల్లీమీటర్లు, 2.83 గ్రాములు. లెక్కపెట్టే మిషను, తక్కెడ, హడావుడిలో ఉన్న మనిషి చెయ్యి, మూడూ మోసపోయేది ఇక్కడే. రెండు రూపాయల పాకెట్‌లో పాత రూపాయిలు, రూపాయి పాకెట్‌లో ఆఠాణాలు దొరికేది అందుకే. చారాణా, అంతకన్నా చిన్న బిళ్ళలు 2011 జూన్ 30తో చలామణి నుంచి పోయాయి. అయినా 2019 తర్వాతి రూపాయిల పాకెట్ విప్పితే అప్పుడప్పుడు ఖడ్గమృగం బొమ్మ చారాణా ఒకటి బయటపడుతుంది. ఆఠాణా ఇంకా చెల్లుతుంది, కాకపోతే చట్టం ప్రకారం ఒక చెల్లింపులో పది రూపాయల దాకే.

ఈ కొలతలు చేతిలో ఉంటే పాకెట్ విప్పకుండానే లోపలేముందో అంచనా కట్టొచ్చు. ఒక గ్రాము వరకు చూపించే వంటింటి తక్కెడ చాలు. రూపాయి పాకెట్ అంతా 2011 రకమైతే 379 గ్రాములు, అంతా 2019 రకమైతే 309, అంతా పాత స్టీలైతే 485 తూగాలి. ఉదాహరణకు పాకెట్ 413 గ్రాములు వచ్చిందనుకోండి. కవరుకు రెండు గ్రాములు తీసేస్తే 411. 379 కన్నా 32 ఎక్కువ. పాత స్టీలు బిళ్ళ ఒక్కొక్కటి 1.06 గ్రాములు ఎక్కువ తెస్తుంది కాబట్టి దాదాపు ముప్పై పాత బిళ్ళలున్నట్టు. 2019వి కలిస్తే బరువు కిందికి లాగుతాయి, అప్పుడు పాతవి ముప్పై కన్నా ఎక్కువే ఉండాలి. కౌంటర్ దగ్గర ఐదు పాకెట్లు ఇస్తే ఇంటికి తెచ్చి ముందు తూచి, బరువైనవి ముందు విప్పండి. 320కి అటూ ఇటూ ఉన్న పాకెట్‌ను విప్పకుండా పక్కన పెట్టేసినా పోయేదేమీ లేదు.

రెండు రూపాయల పాకెట్‌కు కూడా ఇదే లెక్క. 2019వి 407, 2011వి 485, చేతివేళ్ల బొమ్మ, నాలుగు గీతల బొమ్మ ఉన్న పెద్ద స్టీలువి 560 నుంచి 580 మధ్య. 1992 నుంచి 2004 దాకా వచ్చిన పదకొండు మూలల రాగి నికెల్ బిళ్ళ ఒక్కటే 6 గ్రాములు. భారతదేశ పటం ఉన్న ఆ బిళ్ళ తిరుగుడు చిల్లరలో బాగా తగ్గింది. దొరికినప్పుడల్లా పక్కన పెట్టదగినది. ఆ కాలపు స్మారక రెండు రూపాయలు కూడా అదే లోహం, అదే ఆకారం: సుభాష్ చంద్రబోస్, చిత్తరంజన్ దాస్, శివాజీ, సుప్రీంకోర్టు యాభై ఏళ్లు, సంత్ తుకారాం. పటం ఉండాల్సిన చోట మనిషి ముఖమో భవనమో కనిపిస్తే ఆగి చూడండి.

ఐదు రూపాయల పాకెట్ విషయంలో బరువు ఒక్కదాన్నే నమ్మడానికి లేదు. 2007 తర్వాత వచ్చినవి 6 గ్రాములు, 2019వి 6.74, పాత రాగి నికెల్ బిళ్ళ 9. పాకెట్ 630 తూగితే పది పాత బిళ్ళలైనా ఉండొచ్చు, నలభై కొత్తవైనా ఉండొచ్చు. ఇక్కడ కన్ను పనిచేయాలి. పాకెట్‌ను వెలుతురుకు పట్టి అంచులు చూడండి. పసుపు రంగువి నికెల్ ఇత్తడివి. తెల్లగా, మందంగా, అంచు మధ్యలో గాడి ఉన్నవి రాగి నికెల్‌వి. తెల్లగా పల్చగా, మీద అలల గీతలున్నవి 2007, 2008 స్టీలువి. తెల్లవాటిలో ఏది ఏదో తేలకపోతే అయస్కాంతం పెట్టండి. స్టీలు అంటుకుంటుంది, రాగి నికెల్ అంటుకోదు. ఈ పరీక్ష స్మారక బిళ్ళలకు ఎక్కువ అవసరం. దండి యాత్ర 75 ఏళ్ల బిళ్ళ, నారాయణ గురు బిళ్ళ రెండు లోహాల్లోనూ వచ్చాయి. బొమ్మ ఒక్కటే కదా అని ఒకటి వదిలేస్తే సెట్ అసంపూర్ణం.

టంకశాల గుర్తు చూడటం ఈ పనికి ప్రాణం. చాలా బిళ్ళల మీద సంవత్సరం కింద ఉంటుంది. వజ్రం ఆకారముంటే ముంబయి, నక్షత్రముంటే హైదరాబాద్, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది అరిగిన నక్షత్రాన్ని చుక్క అనుకోవడంలో. పది రెట్ల భూతద్దంలో చుక్కకు అంచు చుట్టూతా ఒకేలా గుండ్రంగా ఉంటుంది. అరిగిన నక్షత్రం ఎంత అరిగినా ఒకటి రెండు కోణాలు మిగిలి వంకరగా కనిపిస్తుంది. బిళ్ళను వెలుతురు కింద పక్కకు వంచి చూస్తే నీడలో కోణం తెలుస్తుంది, నేరుగా పైనుంచి చూస్తే తెలియదు. అలాగే గుర్తు లేదు, కోల్‌కతాదే అని రాసుకునే ముందు ఆ చోట మురికి పేరుకుందేమో చూసుకోవాలి.

ఈ నాలుగింటికి బయటి గుర్తులు కనిపిస్తే పండగే. తొంభైల చివర మన ప్రభుత్వం కొన్ని బిళ్ళలు విదేశాల్లో ముద్రించి తెప్పించింది. 1999, 2000 ఐదు రూపాయల బిళ్ళల్లో కొన్నింటి మీద మాస్కో టంకశాల రష్యన్ అక్షరాలుంటాయి. 1998, 1999 రూపాయి బిళ్ళల్లో స్లొవేకియా క్రెమ్నిత్సా టంకశాల 'ఎం', 'కె' అక్షరాలవి ఉన్నాయి. చిన్న సున్నా కింద 'ఎం' ఉంటే మెక్సికోది. ఈ మూడూ తిరుగుడు చిల్లరలో నిజంగా దొరుకుతాయి. అందుకే పాత స్టీలు రూపాయిలు ఎక్కువున్న పాకెట్ ఏ శాఖలో వచ్చినా వదలకూడదు.

పది రూపాయల పాకెట్ వెయ్యి రూపాయలు పెట్టి తెచ్చుకోవాలి. అయినా మన జిల్లాల్లో ఏరడానికి ఇదే మేలైన పాకెట్ అని నా అభిప్రాయం. కారణం ఏమంటే ఇక్కడి అంగళ్లలో, చిన్న కొట్లలో పది బిళ్ళ తీసుకోవడానికి ఇప్పటికీ వెనకాడతారు. తీసుకున్నవాళ్లు దాన్ని మళ్ళీ ఎవరికీ ఇవ్వలేక బ్యాంకుకే చేరుస్తారు. చేతులు మారక అరుగుదల తక్కువ, రకాలు ఎక్కువ. 2018 జనవరి నాటికే 14 రకాల పది బిళ్ళలు విడుదలయ్యాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది. హోమీ భాభా, రిజర్వ్ బ్యాంకు 75 ఏళ్లు, పార్లమెంటు 60 ఏళ్లు, వైష్ణోదేవి, కాయిర్ బోర్డు, అంబేడ్కర్ 125, యోగా దినం వాటిలోవే. అంకె మీద పది గీతలుంటే అసలు, పదిహేనుంటే నకిలీ అన్న పుకారుకు ఆధారం లేదు. పదిహేను గీతలవి రూపాయి గుర్తు రాకముందు వచ్చినవి, అవీ చెల్లుతాయి. ఏరేవాళ్లు కావాలని తీసిపెట్టుకోవలసినవి కూడా అవే. ఎవరైనా దుకాణదారు కాదంటే 14440కి మిస్డ్ కాల్ ఇచ్చి, తిరిగి వచ్చే కాల్ వినిపించవచ్చు, అది రిజర్వ్ బ్యాంకు నంబరు.

పన్నెండు మూలల ఇరవై రూపాయల బిళ్ళ పాకెట్‌గా అరుదుగా ఇస్తారు. ఆజాదీ అమృత్ మహోత్సవ్ గుర్తుతో 2022లో వచ్చిన ఐదు విలువల సెట్‌లో ఇరవై బిళ్ళే దొరకడం కష్టం. ఇరవై గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

తప్పు ముద్రణల కోసం చూసేవాళ్లకు మొదటి పరీక్ష ఇది. సింహాల బొమ్మ నిటారుగా ఉండేలా బిళ్ళను పట్టుకొని పుస్తకం పేజీలా పక్కకు తిప్పండి. మన బిళ్ళల్లో రెండో వైపు కూడా నిటారుగానే రావాలి. ఒరిగి వస్తే అచ్చు తిరిగిందని అర్థం. కొద్దిగా ఒరగడం మామూలే, పావు చుట్టు దాటితే దాచాలి, తలకిందులైతే తప్పక దాచాలి. అంచు ఒకవైపు చంద్రవంకలా తెగినవి, బొమ్మ పక్కకు జరిగినవి కూడా చూడదగినవే. రెండు లోహాల పది బిళ్ళల్లో మాత్రం మనుషులు చేసే మోసం ఎక్కువ. మధ్య బిళ్ళను సుత్తితో తట్టి ఊడదీసి, తిప్పి మళ్ళీ బిగించి తప్పు ముద్రణ అంటారు. టంకశాలలో వలయం, మధ్య బిళ్ళ ముద్ర పడే దెబ్బతోనే అతుక్కుంటాయి. కాబట్టి నిజమైన తప్పులో మధ్య బిళ్ళ పక్కకు జరిగినా బొమ్మ గీతలు అతుకు దాటి తెగకుండా సాగుతాయి. అతుకు దగ్గర గీత తెగి వేరే చోట మొదలైతే, అంచు మీద నొక్కులుంటే అది ఇంటి పని. రెండువైపులా ఒకే బొమ్మ ఉన్న బిళ్ళలు కూడా దాదాపు అన్నీ లేతు మీద కోసి అతికించినవే. అంచు లోపల సన్నని అతుకు గోటికి తగులుతుంది, బల్ల మీద వేస్తే గణగణ మోగదు.

హుండీ చిల్లర ఎప్పుడొస్తుందో తెలుసుకోవడం సగం పని. యాదగిరిగుట్ట, చెర్వుగట్టు, మన్యంకొండ, దీపావళి తర్వాత కురుమూర్తి జాతర, రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు. ఇలాంటి చోట్ల లెక్కింపు అయిన తర్వాత వచ్చే వారాల్లో ఆ చుట్టుపక్కల శాఖల్లో చిల్లర నిండుగా ఉంటుంది. మొక్కు కోసం ఇంట్లో ఏళ్ల తరబడి ముడుపు కట్టి దాచిన బిళ్ళలు హుండీలో పడతాయి కాబట్టి పాత సిరీస్‌లు ఇందులోనే ఎక్కువ. ఇబ్బంది పసుపు, కుంకుమ, నూనెతో. నూనె జిడ్డు మీద కుంకుమ పేరుకొని అక్షరాల సందుల్లో గట్టిపడుతుంది. ఈ బిళ్ళను చింతపండుతోనో, పీతాంబరితోనో తోమితే మెరుస్తుంది, సేకరణకు మాత్రం చచ్చిపోతుంది. సహజంగా పట్టిన ముదురు రంగు పోయి సన్నటి గీతలు పడతాయి, కొనేవాడు భూతద్దంలో మొదట చూసేది అవే. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే ద్రవం వేసి పది నిమిషాలు నానబెట్టి, రుద్దకుండా కడిగి, నూలు గుడ్డ మీద అద్ది ఆరబెట్టాలి. మిగిలిన మరకతోనే ఉంచండి.

కౌంటర్ దగ్గర పద్ధతి. నెల మొదటి పది రోజులు, సోమవారం పొద్దున, పింఛన్లిచ్చే రోజులు వద్దు. మధ్యాహ్నం రెండు తర్వాత వెళ్లి, చేతిలో సరిపడా నోటు పట్టుకొని, "మేడం, చిల్లర ఉంటే ఐదొందలకు రూపాయి బిళ్ళలు ఇస్తరా? దుకాణంల నుంచి వచ్చిన పాతయైనా మంచిదే" అని అడిగితే చాలు. పాతవైనా ఫరవాలేదన్న మాటే తలుపు తీస్తుంది, ఎందుకంటే అందరూ కొత్తవే అడుగుతారు. చిల్లర పంచితే బ్యాంకుకూ లాభమే: కౌంటర్ మీద ఇచ్చే ఒక్కో సంచికి రిజర్వ్ బ్యాంకు ఇచ్చే ప్రోత్సాహకాన్ని 2022 సెప్టెంబరు నుంచి 25 రూపాయల నుంచి 65కు పెంచారు. ఆ మాట కౌంటర్‌లో వాదనగా వాడొద్దు, క్యాషియర్ జేబులోకి వచ్చేది కాదది. కరెన్సీ చెస్ట్ (రిజర్వ్ బ్యాంకు నోట్లు, నాణేలు నిల్వ ఉంచే గది) ఉన్న పెద్ద శాఖలో రకాలు తక్కువ, కొత్త సంచులు ఎక్కువ. మార్కెట్ యార్డు దగ్గరో బస్టాండు దగ్గరో ఉన్న చిన్న శాఖలో తిరుగుడు చిల్లర ఎక్కువ. పెద్ద శాఖకు ఐదుకు మూడు మార్కులు, బజారు మధ్య చిన్న శాఖకు నాలుగున్నర. అర మార్కు కోత లెక్క తేడాకు. పాకెట్ మీద వంద అని రాసి ఉన్నా తొంభై ఎనిమిదో, నూట ఒకటో వచ్చే అవకాశం ఉంది. ఇంటికి తెచ్చాక తగ్గాయంటే ఎవరూ ఒప్పుకోరు, అక్కడే ఒక పాకెట్ లెక్కపెట్టుకోవాలి.

డబ్బు ఆశతో వచ్చేవాళ్లకు ఒక మాట. వైష్ణోదేవి బిళ్ళకు లక్షలిస్తామన్న ఫోన్లు, ముందు పన్ను కట్టమనే ఫోన్లు మోసం. రిజర్వ్ బ్యాంకు పాత నాణేలు కొనదు, తన పేరు చెప్పి కమిషన్ అడిగేవాళ్లను నమ్మొద్దని 2021 ఆగస్టులో హెచ్చరించింది. పాకెట్‌లో దొరికే అరిగిన స్మారక బిళ్ళల్లో ఎక్కువ భాగానికి ముఖవిలువ మీద వచ్చేది కొద్దిపాటే. పొలంలో దొరికిన కుండలోవి అంటూ అమ్మజూపే బిళ్ళల జోలికి అసలే పోవద్దు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి, ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు (కూడిక గీతల కొసల్లో వలయాలుండే పాతకాలపు గుర్తు). అవి తవ్వకాల్లో లెక్కతో దొరికాయి కాబట్టే మన నేల చరిత్ర చెబుతున్నాయి. నేలలో దొరికినదాని సంగతి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే ఉంది.

ఏరినవి దాచేటప్పుడు వాసన వచ్చే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వాడొద్దు. అవి పీవీసీవి. ఏడాది రెండేళ్లకు రాగి నికెల్ బిళ్ళ మీద ఆకుపచ్చ జిగురు పట్టిస్తాయి. బిళ్ళను మధ్యలో పెట్టి మడిచి పిన్ను కొట్టే అట్ట హోల్డర్లు మేలు. పిన్ను కొట్టేటప్పుడు బిళ్ళకు తగలకుండా నాలుగు మూలలా కొట్టి, పిన్ను వెనక కొసలు పటకారుతో అణచాలి. లేకపోతే పక్క హోల్డర్ బిళ్ళను గీస్తాయి.

మిగిలిన బిళ్ళలను తెచ్చిన శాఖకే మర్నాడు తీసుకెళ్లొద్దు. విలువ ప్రకారం వేరు చేసి, వందేసి లెక్కపెట్టి, పాకెట్ మీద పెన్నుతో విలువ రాసి, ఖాతా ఉన్న వేరే శాఖలో జమ చేయండి. రూపాయి, ఆపై బిళ్ళలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల దాకే అన్న చట్టం పరిమితి ఒకరికొకరు చేసుకునే చెల్లింపులకే, బ్యాంకులో జమకు పరిమితి లేదు. ఆఠాణాలను రూపాయిల్లో కలిపి పంపొద్దు. పదులు మాత్రం జమ చేయకుండా, తీసుకుంటామనే పాల బూత్‌కో మెడికల్ షాపుకో ఇస్తే వాళ్లకు చిల్లర బాధ తీరుతుంది, అక్కడికి చేరిన పాత బిళ్ళలు చూడనిస్తారు కూడా.